సొరచేపలతో ఈతకి వెళ్లేముందు: నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

మాల్దీవుల్లో వేల్ షార్క్ పక్కన ఈదుతున్న వీడియో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఆ రోజు నుంచి పెళ్లిళ్లలో, ఆఫీసు క్యాంటీన్లో, ఆఖరికి అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా ఇవే ప్రశ్నలు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. ఎక్కువగా మాల్దీవుల సంగతే ఉంటుంది. నేను మళ్లీ మళ్లీ వెళ్లింది అక్కడికే, మనవాళ్లు హనీమూన్ పేరుతో ఎక్కువగా వెళ్లేదీ అక్కడికే.

దగ్గరికి వెళ్తే కొరకదా?

మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న. సొరచేపల్లో 500కి పైగా జాతులున్నాయి, వాటిలో మనిషికి ప్రమాదం అనదగ్గవి తెల్ల సొర, టైగర్ షార్క్, బుల్ షార్క్ లాంటి కొన్నే. ఫ్లోరిడా మ్యూజియం వాళ్లు ప్రపంచం మొత్తం మీద షార్క్ కాట్ల లెక్క రాసి పెడతారు. మనం రెచ్చగొట్టకుండా అవి కరిచిన సంఘటనలు 2024లో 47. అదే మనుషుల చేతిలో చచ్చే షార్కుల లెక్క తీస్తే 2017లో ఒక్క ఏడాదికే సుమారు 8 కోట్లు అని శాస్త్రవేత్తల అంచనా. ఎవరు ఎవర్ని చూసి భయపడాలో మీరే చెప్పండి.

అలాగని ప్రమాదం సున్నా అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. నిజం చెప్పాలంటే ఈ టూర్లలో నన్ను భయపెట్టింది షార్క్ కాదు, ప్రవాహం, తలమీద తిరిగే పడవల ప్రొపెల్లర్లు.

వేల్ షార్క్ అంటే తిమింగలమా, షార్కా?

షార్కే. మొప్పలతో ఊపిరి తీసుకునే చేప, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. 18 మీటర్ల దాకా పెరుగుతుంది, తినేది మాత్రం ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), చేప గుడ్లు, చిన్న చిన్న చేపలు. నోట్లో వేల పళ్లున్నా ఒక్కోటి అగ్గిపుల్ల తల కన్నా చిన్నది, కొరకడానికి పనికిరాదు. నీళ్లు మింగి, వడగట్టి, తిండి ఉంచుకుంటుంది. మాల్దీవుల్లో కనపడేవి ఎక్కువగా ఇంకా ఎదిగే వయసులో ఉన్న మగ పిల్లలు, ఆరు మీటర్లు అటూ ఇటూ. ‘పిల్ల’ అన్నానని తక్కువ అంచనా వేయకండి, పక్కన ఈదుతుంటే ఆటో పక్కన నడిచినట్టు కాదు, ఆర్టీసీ బస్సు పక్కన నడిచినట్టు ఉంటుంది.

స్థానిక దివేహి భాషలో దీన్ని ఫెహురిహి అంటారు, మామూలు షార్క్‌ని మియరు అంటారు. వాళ్ల పడవ పేరు దోనీ, మన దోనెకి ఎంత దగ్గరో చూడండి.

మాల్దీవుల్లో ఎక్కడికి వెళ్లాలి?

ఏ షార్క్ చూడాలనుకుంటున్నారో దాన్నిబట్టి. వేల్ షార్క్ కోసమైతే సౌత్ అరి అటోల్ (అటోల్ అంటే వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు). అక్కడి దక్షిణపు అంచుని 2009లో రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించారు, ఏడాది పొడవునా కనపడే అవకాశం ఉంటుంది. దిగురా అనే చిన్న దీవిలో గెస్ట్‌హౌసుల్లో ఉండి రోజూ పడవ మీద వెళ్లొచ్చు, రిసార్టు ఖర్చు అక్కర్లేదు. (అది స్థానికులు నివసించే దీవి, మందు దొరకదు. ముందే చెప్తున్నాను, ఒక ఫ్రెండ్ నన్ను ఇంకా క్షమించలేదు.)

బా అటోల్‌లోని హనిఫారు బేలో ఏడాది మధ్య నెలల్లో మాంటా రేలు (పెద్ద టేకు చేపలు) గుంపులుగా వస్తాయి, వేల్ షార్కులూ ఒక్కోసారి కనపడతాయి. అక్కడ స్కూబా (గాలి ట్యాంకుతో దిగడం) నిషేధం, స్నార్కెల్ (నోట్లో ఊపిరి గొట్టంతో పైపైన ఈదడం) మాత్రమే. వావు అటోల్‌లో నర్స్ షార్కులు. ఇక దక్షిణాన ఫువామ్ములా ఉంది, టైగర్ షార్కులకి ప్రపంచ ప్రసిద్ధి, అది మాత్రం అనుభవం ఉన్న డైవర్లకి.

ఈత రాదు, లైఫ్ జాకెట్ వేసుకుని దిగొచ్చా?

దిగనిచ్చేవాళ్లు దొరుకుతారు. కానీ దిగకండి. వేల్ షార్క్ టూర్ అంటే లోతు తెలియని నీలి నీళ్లలోకి పడవ మీంచి దూకి, అది వెళ్లినంతసేపు దానితో పాటు ఫిన్స్ (కాళ్లకి వేసుకునే రబ్బరు రెక్కలు) తన్నడం. అది తాపీగా పోతున్నట్టే ఉంటుంది, మనకి రెండు నిమిషాల్లో ఊపిరి అందదు. ఈత రానివాళ్లు కంగారులో పక్కవాళ్లని పట్టుకుంటారు, కాళ్లు టపటపా కొడతారు, ఆ గొడవకి షార్క్ లోతుకి దిగిపోతుంది. మొత్తం పడవకి ఆ రోజు పోయినట్టే. ఒక ఆరు నెలలు కాలనీ స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకుని, వెళ్లాక ముందురోజు తీరంలో మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని అలవాటు చేసుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ మాస్క్ ఉందా అని ముందే అడగండి.

స్కూబా సర్టిఫికెట్ కావాలా?

వేల్ షార్క్‌కి అక్కర్లేదు, అది పైపైనే ఉంటుంది, స్నార్కెల్ చాలు. రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర తిరిగే రీఫ్ షార్కులు, టైగర్ షార్కుల కోసం ట్యాంకుతో దిగాలంటే కావాలి. ఓపెన్ వాటర్ కోర్సు చేస్తే 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్ చేస్తే 30 మీటర్ల దాకా దిగొచ్చు. మాల్దీవుల్లో సరదా డైవింగ్‌కి 30 మీటర్లే చట్టం పెట్టిన హద్దు. అండమాన్లో ఒక్క ‘ట్రై డైవ్’ చేసినంత మాత్రాన అది సర్టిఫికెట్ కాదు, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఉబ్బసం, గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్ లాంటివి ఉంటే మెడికల్ ఫారంలో దాచొద్దు. ఆఖరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి.

డబ్బు పోసి వెళ్తున్నాం, కచ్చితంగా కనిపిస్తుందా?

అసలు ప్రశ్న ఇది. మిగతావన్నీ దీని పిల్లలు.

కనిపించకపోవచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజులు ఎండలో పడవ మీద కూర్చుని, వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర మింగి, తాబేళ్లని చూసి వచ్చాను. మూడో రోజు పదకొండింటికి కెప్టెన్ పైకప్పు మీంచి అరిచాడు. అది అడవిలో తిరిగే జంతువు లాంటిది, జూలో ఉన్నది కాదు, మన రిటర్న్ టికెట్ తేదీ దానికి తెలియదు.

కాబట్టి ఎవరైనా ‘గ్యారంటీ, నూటికి నూరు’ అన్నారంటే ఆ గ్యారంటీ ఎక్కడినుంచి వస్తుందో అడగండి. మామూలుగా దారులు రెండే. ఒకటి, మేత వేసి రప్పిస్తారు. రెండు, కనపడ్డ ఒక్క షార్క్ మీదికి అన్ని పడవలూ ఎగబడతాయి, దాన్ని వదలరు. ఆ రెండోది నేను కళ్లారా చూశాను. నేనెక్కిన పడవే అందులో ఒకటి. చుట్టూ పది పన్నెండు పడవలు, నీళ్లలో అరవై డెబ్భై మంది, మధ్యలో ఒక ఐదు మీటర్ల పిల్ల. మా గైడ్ ‘దూకండి, దూకండి’ అని తోస్తున్నాడు. నా మాస్క్ మీద ఎవరిదో ఫిన్ తగిలింది. షార్క్ తోక కొసని రెండు సెకన్లు చూశాను, అది కిందికి దిగిపోయింది. పడవలో అందరూ ‘చూశాం’ అని చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది, నిజంగా. మర్నాడు వేరే పడవ మాట్లాడుకున్నాను. ‘కనిపిస్తుందో లేదో చెప్పలేం, అక్కడ పడవలు ఎక్కువుంటే మనం ఆగుదాం’ అన్నాడు ఆయన. ఆయన్నే ఇప్పటికీ పట్టుకుని వెళ్తున్నాను.

నీళ్లలోకి దిగాక ఎలా ఉండాలి?

సౌత్ అరి నియమావళి చిన్నదే: ఒంటికి మూడు మీటర్లు, తోకకి నాలుగు మీటర్ల దూరం, ముట్టుకోకూడదు, దారికి అడ్డం వెళ్లకూడదు, ఫ్లాష్ వద్దు. రక్షిత ప్రాంతంలో పడవ 10 నాట్ల వేగం మించకూడదు. కానీ కాగితం మీద మూడు మీటర్లు వేరు, నీళ్లలో వేరు. మాస్క్ లోంచి చూస్తే అన్నీ ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనపడతాయి, పైగా ఉత్సాహంలో మన అంచనా తప్పుతుంది. నా పద్ధతి ఏంటంటే పక్కకి వచ్చి, దాని కన్ను నాకు కనపడేలా, అది వెళ్లే వైపుకే ఈదడం. ఎదురుగా దూకితే అది పక్కకి తిరుగుతుంది లేదా మునుగుతుంది. వెనకపడితే తోక తగులుతుంది, తోక దెబ్బ అంటే సరదా కాదు. చప్పుడు లేకుండా పడవ అంచున కూర్చుని జారండి, బాంబులా దూకొద్దు.

సన్‌స్క్రీన్ పూసుకోవడం కన్నా పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) నయం. మన ఎండలకి అలవాటు పడ్డ వీపు కూడా అక్కడ కాలిపోతుంది.

ఒక్కసారి ముట్టుకుంటే ఏమవుతుంది?

గరుకు కాగితం తాకినట్టు ఉంటుందని చదివాను, అది తెలుసుకోడానికి దాన్ని తాకక్కర్లేదు. చేప ఒంటి మీద ఉండే జిగురు పొర దానికి రక్షణ. అంతకన్నా ముఖ్యం, అది పైన తేలడానికి కారణం ఉంది. లోతు చల్లటి నీళ్లలోకి వెళ్లొచ్చి ఒళ్లు వెచ్చబెట్టుకోడానికి పైకి వస్తుందని పరిశోధకుల అంచనా. మనం ముట్టుకుంటే మునిగిపోతుంది. ఒక్కరు ఒక్కసారే అనుకుంటారు, కానీ అలాంటి ‘ఒక్కసారి’లు రోజుకి ఎన్నో లెక్కేయండి.

గోప్రో, డ్రోన్?

గోప్రో సరే, సెల్ఫీ కర్ర పట్టుకుని దాని మూతి ముందుకి చాపొద్దు. డ్రోన్‌కి అనుమతి ఉందో లేదో అక్కడ అడిగి ఎగరేయండి.

మేత వేసి రప్పించడం తప్పెలా అవుతుంది? అది కడుపు నిండా తింటుంది కదా?

ఇది నలుపు తెలుపుగా తేలే విషయం కాదు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ఫిలిప్పీన్స్‌లో రెండు ఊళ్లు తీసుకోండి. దోన్సోల్‌లో 1998 నుంచి వేల్ షార్క్ టూరిజం నడుస్తోంది, మేత లేదు, స్కూబా లేదు, ఒక షార్క్‌కి ఒక్క పడవే. కనపడితే కనపడింది, లేకపోతే లేదు. సెబు దీవిలోని ఒస్లోబ్‌లో 2011 ప్రాంతంలో జాలర్లు చిన్న రొయ్యలు వేసి రప్పించడం మొదలుపెట్టారు. పొద్దున్నే క్యూ, టోకెన్, గ్యారంటీ. జనం వేలల్లో ఎగబడ్డారు, ఊరు బాగుపడింది, అది నిజం, వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది కాదనలేను. కానీ ఊళ్లు దాటి సముద్రాలు దాటి తిరగాల్సిన చేపలు కొన్ని నెలల తరబడి అక్కడే ఉండిపోతున్నాయి, నిటారుగా నిలబడి పడవ పక్కన నోరు తెరుస్తున్నాయి. పడవంటే తిండి అని నేర్చుకున్న చేప ఇంకో తీరంలో ఇంకో పడవ దగ్గరికీ అలాగే వెళ్తుంది, అక్కడ ప్రొపెల్లర్ ఉంటుంది. తిరుమల కొండమీద కోతులకి అరటిపండు అలవాటు చేస్తే ఏమైందో మనకి తెలిసిందే.

2025 ఏప్రిల్లో ఇజ్రాయెల్లోని హదేరా తీరంలో ఒక మనిషి షార్కుల దాడిలో చనిపోయాడు. పవర్ ప్లాంట్ వదిలే వెచ్చని నీళ్ల కోసం ఏటా అక్కడ డస్కీ షార్కులు చేరతాయి, చూడ్డానికి వచ్చిన జనం దగ్గరికెళ్లి తోకలు లాగడం, చేపలు వేయడం అప్పటికే మామూలైపోయింది. సాధారణంగా మనిషి జోలికి రాని జాతి అది.

మరి ఫిజీలో? అక్కడ బెకా దగ్గర షార్క్ రీఫ్‌లో 2004 నుంచి బుల్ షార్కులకి మేత వేసే డైవింగ్ ఉంది. కానీ ఆ రీఫ్‌లో వేట మానేసిన ఊళ్లకి ప్రతి డైవర్ నుంచీ రుసుము వెళ్తుంది, మేత ఒక క్రమంలో, శిక్షణ ఉన్నవాళ్ల చేతుల మీదుగా పడుతుంది, పక్కన పరిశోధన నడుస్తుంది. ఫువామ్ములాలో కూడా ట్యూనా తలలు వాడతారు. అక్కడి హార్బర్‌లో జాలర్లు చేపలు కోసి వ్యర్థాలు సముద్రంలోకి వేయడం ఎప్పటినుంచో ఉంది, టైగర్ షార్కులు దానికి అలవాటు పడే దగ్గర్లో తిరుగుతున్నాయి. నా అభిప్రాయం అడిగితే, వేల్ షార్క్‌కి మేత వేసే చోటుకి నేను వెళ్లను. టైగర్, బుల్ షార్కుల దగ్గర ఎవరు వేస్తున్నారు, ఎంత, గుంపులో ఎంతమంది అనేది చూసి నిర్ణయించుకుంటాను. ఒప్పుకోని డైవర్లున్నారు, వాళ్లతో చాలాసార్లు వాదించాను, ఎవరూ గెలవలేదు.

బోనులో కూర్చుని తెల్ల సొరని చూసేది ఎక్కడ?

దక్షిణాఫ్రికాలో గాన్స్‌బాయ్ పేరు మోగిపోయేది. 2017లో పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేరు పెట్టిన రెండు ఓర్కాలు (కిల్లర్ వేల్స్) తెల్ల సొరల్ని చంపి కాలేయం మాత్రం తినేసి వదిలేశాయి, ఆ తర్వాత అక్కడ తెల్ల సొరలు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు వెళ్లినవాళ్లకి ఎక్కువగా కనపడేది బ్రాంజ్ వేలర్ అనే వేరే షార్క్. మెక్సికోలోని గ్వాడలూపే దీవి దగ్గర 2023 మొదట్లో ప్రభుత్వం ఈ టూరిజాన్ని మొత్తం ఆపేసింది, అంతకుముందు 2019లో ఒక తెల్ల సొర బోను కడ్డీల మధ్య తల ఇరుక్కుని చనిపోయిన వీడియో బయటికొచ్చింది. పాత వీడియో చూసి బుక్ చేసుకోవద్దు, అంతే.

మంగళసూత్రం తీయాలా? మా అత్తగారు ఒప్పుకోరు.

మెరిసే నగలు నీళ్లలో చేప పొలుసుల్లా తళుక్కుమంటాయి, అందుకే గొలుసులు, గాజులు, పెద్ద ముక్కుపుడక పడవలోనే ఉంచమంటారు. పైగా ఊడి పడితే వెతకడానికి అడుగు ఎక్కడుందో తెలియదు. ప్లవకాలు తినే వేల్ షార్క్‌కి మీ బంగారం మీద ఆసక్తి ఏమీ లేదు, టైగర్ షార్కుల దగ్గర మాత్రం తీయాల్సిందే. మా వదిన చేసింది ఏంటంటే పసుపు తాడు మాత్రం ఉంచుకుని మెడదాకా రాష్‌గార్డ్ జిప్పు వేసేసింది. అత్తగారికి ఫొటో పంపింది, ఇద్దరూ హ్యాపీ.

పీరియడ్స్‌లో ఉంటే?

దిగొచ్చు. దానివల్ల షార్కులు వస్తాయనడానికి ఆధారం లేదు, మహిళా డైవర్లు రోజూ దిగుతూనే ఉన్నారు. మీకు ఒంట్లో బాగుంటే చాలు. దీన్ని అడగడానికి నలుగురు నాకు మెసేజ్ పెట్టి డిలీట్ చేశారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన డబ్బు వల్ల షార్క్‌కి ఒరిగేదేంటి?

మాల్దీవుల కథే జవాబు. 1990ల మొదట్లో అక్కడ ఒక లెక్క వేశారు: డైవర్లు చూడ్డానికి వచ్చే చోట ఒక గ్రే రీఫ్ షార్క్ వల్ల ఏడాదికి సగటున 3,300 డాలర్ల ఆదాయం, దాన్నే పట్టి అమ్మితే జాలరి చేతికి ఒక్కసారి 32 డాలర్లు. 1995లో వేల్ షార్క్ వేట ఆపారు, 1998లో టూరిస్టు అటోల్స్‌లో షార్క్ వేట ఆపారు, 2010 మార్చిలో దేశం జలాలన్నింటిలోనూ నిషేధం పెట్టారు. అంతకు ముందు ఏడాదే, 2009లో, పసిఫిక్‌లోని పలావు దేశం తన సముద్రం మొత్తాన్ని షార్కులకి అభయారణ్యం చేసింది.

కానీ ఆ 3,300 డాలర్లు వెళ్లేది రిసార్టుకి, పోయిన 32 డాలర్లు జాలరివి. చిక్కంతా అక్కడే ఉంది. గాలానికి పడ్డ చేపని షార్క్ కొరుక్కుపోతోందని జాలర్ల ఫిర్యాదు ఇప్పటికీ ఉంది, 2021లో నిషేధం ఎత్తేద్దామా అన్న మాట ప్రభుత్వం దాకా వెళ్లి, గొడవ అయ్యాక వెనక్కి పోయింది. అందుకే నేను దీవిలోని గెస్ట్‌హౌస్‌లో దిగి, ఆ దీవి కుర్రాడి పడవే ఎక్కుతాను. వాళ్ల నాన్న ఒకప్పుడు షార్కులు పట్టినవాడు.

నా ఫొటోలు ఎవరికైనా పనికొస్తాయా?

బ్రహ్మాండంగా. వేల్ షార్క్ ఒంటి మీద చుక్కలు ముగ్గు చుక్కల్లా ఉంటాయి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఎడమ పక్క, మొప్పల చీలికల వెనక భాగం స్పష్టంగా తీస్తే అది ఏ షార్కో పోల్చుకోవచ్చు. చుక్కలు పోల్చే ఆ లెక్క హబుల్ టెలిస్కోప్ ఫొటోల్లో నక్షత్రాల అమరికని పోల్చే పద్ధతి నుంచి తీసుకున్నది! మాల్దీవుల్లో 2006 నుంచి పనిచేస్తున్న వేల్ షార్క్ పరిశోధన బృందం టూరిస్టుల ఫొటోలు కూడా తీసుకుంటుంది. ఫొటోతో పాటు తేదీ, చోటు, ఒంటి మీద గాయాలుంటే అవీ రాసి పంపండి. ప్రొపెల్లర్ గాట్లు ఉన్నవి అక్కడ తక్కువేం కాదు.

బుక్ చేసేముందు ఏం అడగాలి?

నేను అడిగేవి: నీళ్లలో ఒక గైడ్‌కి ఎంతమంది? వేరే పడవలు ముందే ఉంటే ఏం చేస్తారు? మేత వేస్తారా? కనపడకపోతే డబ్బు సంగతేంటి? దిగేముందు నియమాలు చెప్తారా? ఆఖరిది చాలా ముఖ్యం. పడవ కదిలాక పావుగంట కూర్చోబెట్టి చెప్పేవాళ్లు బాగానే చూసుకుంటారు. వాళ్ల పేజీలో టూరిస్టు షార్క్ తోక పట్టుకున్న ఫొటో ఉంటే ఇంక ఏమీ అడగక్కర్లేదు, వేరేవాళ్లని చూసుకోండి.

మన దేశంలో చూడలేమా?

విశాఖ రుషికొండలో స్కూబా ఉంది, షార్క్ కోసమని వెళ్తే మాత్రం నిరాశే. అండమాన్, లక్షద్వీప్‌లలో రీఫ్ షార్కులు కనపడతాయి. వేల్ షార్క్ మన తీరాలకీ వస్తుంది, గుజరాత్ తీరానికి ఎక్కువ. ఒకప్పుడు వేరావల్ వైపు కాలేయం నూనె కోసం, మాంసం కోసం వందల్లో చంపేవాళ్లు. 2001లో చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది, చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం కన్నా పనిచేసింది 2004లో మొదలైన ప్రచారం. పురాణ ప్రవచనకారుడు మొరారి బాపు దీన్ని పుట్టింటికి పురుడు పోసుకోడానికొచ్చే కూతురితో పోల్చాడు. ఆడపిల్ల పురిటికొస్తే ఎవరు చంపుకుంటారు? వల కోసి వదిలేస్తే నష్టపరిహారం కూడా ఇస్తారు, ఇప్పటిదాకా జాలర్లు వందల షార్కుల్ని వదిలారు.

మన దగ్గర 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌కి ఒకటి కొట్టుకొచ్చింది. అటవీ శాఖ వాళ్లు, జాలర్లు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు. మీకు ఎప్పుడైనా అలా కనపడితే మొప్పల మీద నీళ్లు పోస్తూ అటవీ శాఖకి ఫోన్ చేయండి, మీదెక్కి ఫొటోలు దిగకండి.

ఇంతా చెప్పి, సొర కూర తింటావా?

చిన్నప్పుడు మా ఇంట్లో సొర పిట్టు లేని ఆదివారం తక్కువ. ఇప్పుడు మానేశాను. సొరల్లోనూ, వాటి బంధువులైన టేకు చేపల్లోనూ మూడో వంతుకి పైగా జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2021లో తేలింది, ముక్కలు కోసి తట్టలో పెట్టాక అది ఏ జాతో నాకు తెలియదు. మన జాలర్లని తప్పుపట్టను, చిన్న సొరలు చాలావరకు వేరే చేపల వలలోనే పడతాయి, రెక్కల ఎగుమతి 2015లోనే ఆపేశారు.

ఇంకో మాట, బాలింతలకి పాలు పడతాయని పాలసొర పెట్టడం మనకి ఆచారం. కానీ పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుందని గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థే చెప్తుంది. పాలసొర చిన్నదే, అంత ఉండకపోవచ్చు. మా చెల్లి డెలివరీ అప్పుడు ఈ మాట అంటే మా పెద్దమ్మ ‘నువ్వు సముద్రంలో దానితో ఆడుకో, వంటింట్లోకి రాకు’ అంది. రెండు రోజులు మాటల్లేవు. చివరికి వెల్లుల్లి కారం, మెంతికూర మీద రాజీ కుదిరింది.